నీళ్ళు ఎక్కడివి?

మధుమేహవ్యాధిలో పాదసంరక్షణను గురించి ఈసారి వ్రాస్తానని మాట ఇచ్చి ఉన్నాను. ఆ వ్యాసం సగంలో ఆగింది. ఈలోగా మా అపార్టుమెంటు బోరునీటి పరీక్ష కాగితం నా బల్లమీదికి వచ్చింది. దానిని చూసినప్పటినుంచి మనస్సు రెండు ఊళ్ళ మధ్య తిరుగుతున్నది. ఒకటి న్యూజీలాండులోనిది, ఇంకొకటి మన కృష్ణా డెల్టాలోనిది. పాదాల సంగతి వచ్చే నెలకు వాయిదా వేసినందుకు మన్నించండి.

2024 జనవరిలో నేనూ నా శ్రీమతీ మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. వాళ్ళుండేది ఆ దేశపు ఉత్తరద్వీపంలో, తూర్పుతీరాన హాక్స్ బే ప్రాంతంలో, హేస్టింగ్స్ నగరాన్ని ఆనుకొని ఉన్న హావ్‌లాక్ నార్త్ అనే చిన్న ఊళ్ళో. చుట్టూ ఆపిల్ తోటలు, ద్రాక్షతోటలు, పచ్చిక మీద గొర్రెలు. చేరిన రోజు సాయంత్రం వంటింటి కుళాయి కింద గ్లాసు పట్టి నోటిదగ్గరకు తెచ్చుకోగానే క్లోరిన్ వాసన తగిలింది. వైద్యుడిగా నాకది ఇష్టమైన వాసనే. అయినా ఆశ్చర్యం కలిగింది.

“ఇక్కడి భూగర్భజలం నేరుగా త్రాగవచ్చునని విన్నానే” అన్నాను.

“అది 2016కు ముందు మాట నాన్నా” అంది మా అమ్మాయి. వాళ్ళు ఆ ఊరికి వచ్చింది ఆ తరువాతనే. కాని ఆ ఊళ్ళో ఆ సంవత్సరాన్ని ఎవ్వరూ మరచిపోలేదు.

జరిగినది ఇది. 2016 ఆగస్టు 5, 6 తేదీలలో అక్కడ భారీ వర్షం కురిసింది. ఊరికి నీరందించే బోర్లు బ్రూక్‌వేల్ రోడ్డులో ఉండేవి. వాటి సమీపంలో గొర్రెలు మేసే బీళ్ళున్నాయి. వర్షపు నీరు గొర్రెల పేడను కడిగి, ఒక బోరుకు సుమారు 90 మీటర్ల దూరంలో ఉన్న మంగతెరెతెరె అనే మడుగులోకి చేర్చింది. ఆ మడుగు నీరు భూమిలోకి ఇంకి, బోరు లాగుతున్న జలపొరలో కలిసింది. ఆ నీటికి అప్పట్లో క్లోరిన్ కలిపేవారు కారు. వారం తిరిగేలోగా ఊరు ఊరంతా మంచం పట్టింది. 12వ తేదీన నీటిలో క్లోరిన్ కలపడం మొదలుపెట్టి, కాచి త్రాగండని ప్రకటించేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. సుమారు 14,000 జనాభాలో 5,500 మందికి జబ్బు చేసిందని ప్రభుత్వ విచారణ సంఘం అంచనా వేసింది. 45 మంది ఆసుపత్రిలో చేరారు. మూడు మరణాలకు ఈ వ్యాధి తోడై ఉండవచ్చునని తేల్చింది.

వ్యాధికారకం క్యాంపిలోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి. దీనిని గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఈ శీర్షికకు అర్థం ఉండదు. ఇది కోళ్ళు, గొర్రెలు, పశువుల ప్రేగులలో వాటికి ఏ ఇబ్బందీ కలిగించకుండా నివసిస్తుంది. మనిషి శరీరంలోకి కొన్ని వందల కణాలు చేరినా వ్యాధి కలిగించగలదు. నీరు త్రాగిన రెండు నుంచి ఐదు రోజులకు జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు, కొందరిలో రక్తవిరేచనాలు వస్తాయి. చాలామందికి వారంలో దానంతట అదే తగ్గుతుంది. పోయిన నీటినీ లవణాలనూ తిరిగి అందించడమే ముఖ్యమైన చికిత్స. తీవ్రంగా ఉన్నవారికే యాంటీబయాటిక్ అవసరపడుతుంది. విరేచనాలు కట్టినంత మాత్రాన అందరికీ కథ ముగియదు. కొందరికి కొన్ని వారాల తరువాత మోకాళ్ళు, చీలమండలు వాస్తాయి. సుమారు వెయ్యిమందిలో ఒకరికి గులియన్ బారే సిండ్రోమ్ వచ్చి కాళ్ళు, చేతులు చచ్చుబడతాయి. 2025 ఆరంభంలో పుణేలో ఈ జబ్బు పెద్దసంఖ్యలో కనబడినప్పుడు మీలో పలువురు నన్ను ప్రశ్నలడిగారు. అక్కడి కొందరు రోగుల నమూనాలలో బయటపడినది కూడా ఈ క్రిమియే.

ఇంతవరకు వైద్యం. నేను చెప్పదలచినది దీని వెనుకనున్న విషయం. నాకు జీవితంలో ఆలస్యంగా తెలిసిన విషయం కూడా అదే.

ఆ రెండు నెలలూ తీరికగా ఉన్నాను గనుక 2017లో రెండు భాగాలుగా వెలువడిన ఆ విచారణ నివేదికలను చదివాను. నీళ్ళను పంపుచేసినవారిని మాత్రమే కాదు, ఆ నీటి మొదలును కాపాడవలసినవారిని కూడా అందులో నిలదీశారు. ఆ రెండవ బాధ్యత అక్కడ ప్రాంతీయ మండలిది. వాళ్ళ భాషలో రీజనల్ కౌన్సిల్.

ఈ మండళ్ళ ఏర్పాటు నాకు ముచ్చటగా తోచింది. దేశంలో 16 ప్రాంతాలున్నాయి. 11 ప్రాంతాలకు ప్రత్యేకంగా ప్రాంతీయ మండళ్ళున్నాయి, మిగిలిన ఐదింటిలో నగరపాలన, ప్రాంతీయపాలన ఒకే సంస్థ చూస్తుంది. 1989లో వీటి ఎల్లలను గీసినప్పుడు చాలావరకు నదుల పరీవాహక ప్రాంతాలను అనుసరించారు. అంటే ఒక ఏరు పుట్టినచోటినుంచి సముద్రంలో కలిసేదాకా ఒకే సంస్థ అజమాయిషీలో ఉంటుంది. మన దగ్గర కృష్ణానదే జిల్లాలకు సరిహద్దు. ఈ గట్టు ఒక కలెక్టరుది, ఆ గట్టు ఇంకొకరిది. చేపలకూ క్రిములకూ ఈ సంగతి ఎవరు చెప్పాలి?

1991 నాటి వనరుల నిర్వహణ చట్టం ఈ మండళ్ళకు ఆయుధం. ఏటినుంచి, బోరునుంచి పెద్ద పరిమాణంలో నీరు తోడాలన్నా, మురుగునీరు వదలాలన్నా, కాలువ మళ్ళించాలన్నా, పొగ వదలాలన్నా వీరి అనుమతిపత్రం ఉండాలి. అనుమతితోపాటు షరతులుంటాయి. షరతులను పాటిస్తున్నారో లేదో పరిశీలించడం మండలికి ఐచ్ఛికం కాదు, చట్టం విధించిన కర్తవ్యం. పర్యావరణస్థితినీ, తమ ప్రణాళికల ఫలితాన్నీ, అనుమతిపత్రాల అమలునూ మూడింటినీ గమనిస్తూ ఉండవలసిందే. ఆ తనిఖీకయ్యే ఖర్చును అనుమతి పొందినవారి వద్దనే వసూలు చేయవచ్చు. తప్పు చేస్తే మొదట నోటీసు, ఆపైన అక్కడికక్కడే జరిమానా, ఇంకా మొండికేస్తే కోర్టు. కోర్టు విధించిన జరిమానాలో పదిశాతం ప్రభుత్వానికి, మిగిలిన తొంభైశాతం కేసు పెట్టిన మండలికి చెందుతుంది. ఈ చివరి అంశం విని మా అల్లుడు “ఇంక కేసులకేం కొదవ మామయ్యగారూ” అని నవ్వాడు. కాని కోర్టుదాకా వెళ్ళేవి కొద్దే. అధికభాగం నోటీసులతోనే సర్దుకుంటుంది.

మా అమ్మాయి ఇంటికి కొంచెం దూరంలో ఒక ఆపిల్ తోట ఉంది. ఉదయపు నడకలో ఆ రైతుతో పరిచయమయింది. ఆయన పంపుషెడ్డు చూపించాడు. బోరు గొట్టానికి మీటరు, మీటరుకు పెట్టె, పెట్టెకు చిన్న సౌరఫలకం. సెకనుకు ఐదు లీటర్లు, అంతకు మించి తోడే ప్రతి అనుమతికీ మీటరు ఉండాలని 2010లో నిబంధన తెచ్చారు. 2020లో దానిని బిగించారు. పెద్ద పంపులు ప్రతి 15 నిమిషాలకొకసారి కొలత తీసి, రోజుకొకసారి ఆ లెక్కను మండలి కంప్యూటరుకు దానంతట అదే పంపాలి. “నేను రాత్రి ఎన్ని లీటర్లు తోడానో నాకంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది” అన్నాడు. ఆ మాటలో కొంత విసుగు ఉంది. కరవు రోజుల్లో పక్క తోటవాడు తనకంటే ఎక్కువ తోడలేడన్న నిశ్చింత కూడా ఉంది. విసుగు, నిశ్చింత రెండూ నిజమైనవేనని నాకనిపించింది.

ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉన్న దేశంలో మరి హావ్‌లాక్ నార్త్ ఎట్లా జరిగింది? నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. విచారణ సంఘం ఇచ్చిన సమాధానం చాలా మామూలుగా ఉంటుంది. ఊరి బోర్లకు ప్రాంతీయ మండలి ఇచ్చిన అనుమతిపత్రంలో షరతులు లేకపోలేదు. అవి ఏ బోరుకైనా వ్రాసే మూస షరతులు. ఇది వేలమంది త్రాగే నీరు అన్న ప్రత్యేక విచక్షణ వాటిలో లేదు. ఆ షరతులైనా అమలవుతున్నాయా అని సరిగా చూసినవారు లేరు. దగ్గరనున్న మడుగుకూ జలపొరకూ గల సంబంధాన్ని లోతుగా పరిశోధించలేదు. నీరు సరఫరాచేసే జిల్లా మండలికీ, నీటి మొదలును కాపాడే ప్రాంతీయ మండలికీ మధ్య సఖ్యత చాలలేదు. ఉత్పాతం తరువాత ప్రాంతీయ మండలి జిల్లా మండలిమీద కేసు పెట్టి, విచారణ ముందుకు సాగాలని తిరిగి ఉపసంహరించుకుంది. నీటినాణ్యతను చూడవలసిన ఆరోగ్య అధికారులు మెత్తగా వ్యవహరించారు. విచిత్రమేమంటే 1998లోనే అవే బోర్ల నీటితో అదే జబ్బు ఒకసారి వచ్చి వెళ్ళింది. ఆ కాగితాలు ఎక్కడో ఉన్నాయి, ఆ జ్ఞాపకం మాత్రం ఎవరి తలలోనూ లేదు. ఈ లోపాలలో ఏ ఒక్కటీ నేరుగా వ్యాధికి కారణం కాదని కూడా సంఘం న్యాయంగా చెప్పింది. అయితే ఏ ఒక్కటి లేకపోయినా కథ మరోలా ఉండేదేమోనన్నది.

నేను ఈ పుటలు చదువుతూ పుస్తకం మూసి బయటకు వెళ్ళవలసివచ్చింది. ఎందుకో చెబుతాను. ఇంతవరకు ఎక్కడా వ్రాయలేదు.

1984లో డెల్టాలోని ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. జూలైలో, తొలకరి వానలు పడ్డ వారానికి, ఒకే ఊరినుంచి వాంతులు విరేచనాలతో జనం రాసాగారు. ఎడ్లబండ్లమీద, నులకమంచాలమీద తెచ్చారు. వరండా నిండిపోయింది. కిటికీ ఊచలకూ, పందిరి గుంజలకూ కొబ్బరితాళ్ళతో సెలైన్ సీసాలు వ్రేలాడదీశాము. నేనూ, ఫార్మసిస్టుగారూ, నర్సమ్మా మూడురోజులు కన్ను మూయలేదు. ఒక్కొక్క నరం దొరుకుతుంటే, ఎండిన నాలుక తడి అవుతుంటే, నేనెంత గొప్ప వైద్యం చేస్తున్నానో అని లోలోపల గర్వపడ్డాను. అబద్ధమాడి ప్రయోజనం లేదు.

మూడవనాటి సాయంత్రం ఒక ముసలాయన, మనమణ్ణి కోలుకోబెట్టి ఇంటికి తీసుకుపోతూ, గుమ్మంలో ఆగి అన్నాడు: “డాట్రు బాబూ, మురుగుకాలవలో గొట్టం పగిలి శానాళ్ళయింది. ఆ కుళాయి నీళ్ళు తాగినోళ్ళే అందరూను.” 

అప్పుడు వెళ్ళాను. రక్షితనీటి గొట్టం మురుగుకాలువలో మునిగి ఉంది. అతుకు దగ్గర గోనెసంచి చుట్టి ఉంది. పంపు ఆగినప్పుడల్లా గొట్టం మురుగును లోపలికి పీల్చుకుంటున్నది. చిన్నపిల్లవాడు చూసినా అర్థమయ్యే విషయం. ఆ రాత్రే కుళాయి కట్టించాము. మరునాటినుంచి కొత్త కేసులు తగ్గుముఖం పట్టాయి.

కాని అంతకుముందు రోజు, అంటే రెండవనాడు, అదే కుళాయి నీరు త్రాగి మంచాన పడ్డ ఒక బాలింతను తెచ్చారు. తెచ్చేసరికి నాడి అందలేదు. ఆమె దక్కలేదు. మొదటిరోజే “నీళ్ళు ఎక్కడివి?” అని ఒక్కరినైనా నేను అడిగి ఉంటే ఆ కుళాయి ఆనాడే కట్టి ఉండేవారు. అడగలేదు. అడగడం నా పని అనుకోలేదు. గొట్టం చూడడం మరొకరి శాఖ, రోగిని చూడడం నా శాఖ. హావ్‌లాక్ నార్త్ నివేదికలో శాఖలు తమతమ గీతల లోపల నిలబడిపోయిన తీరు చదువుతుంటే, నలభై ఏళ్ళ కిందటి నా వరండా కళ్ళముందుకు వచ్చింది. ఎవరినో తప్పుపడుతున్న పుటలో నా పేరు కనబడినట్టయింది.

మళ్ళీ ఆ దేశానికి వస్తాను. విచారణ తరువాత వాళ్ళు ఊరుకోలేదు. భూగర్భజలం గనుక భద్రమే అన్న నమ్మకాన్ని వదిలిపెట్టవలసిందనీ, త్రాగునీటికి శుద్ధి ఉండవలసిందేననీ సంఘం సిఫారసు చేసింది. త్రాగునీటి నియంత్రణకే తౌమాత అరోవై అనే ప్రత్యేక సంస్థను స్థాపించి, 2021 చట్టంతో దానికి అధికారాలిచ్చారు. 2020లో వచ్చిన జాతీయ మంచినీటి విధానంలో మావోరీల భావన ఒకటి చేర్చారు: మొదట నీటి ఆరోగ్యం, తరువాత మనుషుల ఆరోగ్యావసరాలు, ఆ తరువాతే వ్యవసాయం, వ్యాపారం వగైరా. ఈ వరుసమీద రైతులకూ రాజకీయనాయకులకూ పెద్ద వాదమే నడిచింది. వైద్యుడిగా నాకు మాత్రం ఈ వరుసలో తప్పు కనబడదు. నీరు రోగి అయితే మనిషి ఆరోగ్యంగా ఉండడు కదా.

అక్కడ అంతా సుఖమేనని భ్రమపడకండి. పాడిపరిశ్రమ విస్తరించిన కాంటర్‌బరీ ప్రాంతంలో బావులలో నైట్రేటు పెరుగుతున్నదని ఆందోళన ఉంది. నైట్రేటు లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటిన నీటితో పాలు కలిపి పడితే, నెలల పసికందు రక్తం ప్రాణవాయువును మోయలేక శరీరం నీలిరంగుకు తిరగవచ్చు. కాచినందువల్ల నైట్రేటు పోదు. నీరు ఆవిరై మిగిలినది మరింత చిక్కబడుతుంది. ఈ ఒక్క సంగతి, ఎరువులు ఎక్కువగా వేసే పొలాల మధ్య బావినీరు వాడేవారు, ఇంట్లో పసిపిల్లలున్నవారు తప్పక గుర్తుంచుకోండి. క్లోరిన్‌కు కూడా హద్దులున్నాయి. అది బ్యాక్టీరియాను చంపుతుంది గాని క్రిప్టోస్పోరిడియం వంటి పరాన్నజీవులను అంతగా లెక్కచేయదు. అందుకే అతినీలలోహిత కిరణాల శుద్ధిని కూడా జోడిస్తారు.

ఇక మన సంగతి. మనకు చట్టాలు లేవనకండి. 1974 నుంచి జలకాలుష్య నివారణ చట్టం, దానికింద కాలుష్య నియంత్రణ మండళ్ళు ఉన్నాయి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం బావులను నమోదుచేయాలి, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. మీ ఇంటి బోరు నమోదయి ఉందా? నన్నడిగితే, ఆరునెలల కిందటివరకు మా అపార్టుమెంటుది ఉన్నదో లేదో నాకు తెలియదు. ఊరికి నీతులు చెప్పే డాక్టరుగారి పరిస్థితి ఇది.

న్యూజీలాండునుంచి తిరిగివచ్చాక మొదటిసారి మా బోరును చూడాలనిపించింది. పన్నెండేళ్ళుగా ఆ నీటినే వాడుతున్నాను, ఫిల్టరు యంత్రంమీద భరోసాతో త్రాగుతున్నాను. కాపలా మనిషి సిమెంటు పలక ఎత్తి చూపించాడు. నేలకంటే రెండడుగుల లోతున గుంట, గుంటలో కేసింగు గొట్టం మొన, దానిపై ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది. గుంట గోడకు వాన నీటి చార. సెప్టిక్ ట్యాంకు ఎంత దూరమని అడిగితే అతను కాలితోనే చూపించాడు. నా అడుగులతో పదకొండు.

అసోసియేషన్ సమావేశంలో చెబితే కార్యదర్శిగారు, మర్యాదస్థుడు, “డాక్టరుగారూ, ఇన్నేళ్ళలో ఎవరికేమయింది చెప్పండి” అన్నారు. నాకు 1998 గుర్తుకువచ్చింది. ఏమీ కాలేదని అనుకోవడానికి జ్ఞాపకం లేకపోవడం కూడా ఒక కారణం. ఆ మాట ఆయనతో అనలేదు. నమూనా నేనే పంపిస్తాను, ఖర్చు నాదే అన్నాను. క్రిమిరహితం చేసిన సీసాలో, కుళాయి మూతిని మంటతో కాల్చి, కాసేపు నీరు వదిలి, ఐసు పెట్టెలో పెట్టుకుని అదేరోజు ప్రయోగశాలకు తీసుకువెళ్ళాను. మీరు పరీక్ష చేయించదలిస్తే ఈ క్రమం పాటించండి. ఇంట్లోని నీళ్ళసీసాలో పట్టుకెళితే సీసాలోని క్రిములనే పరీక్షించినవారవుతారు. వానలు పడిన తరువాత ఒకసారి, వేసవిలో ఒకసారి చేయించడం మంచిది.

ఫలితం ఈ బుధవారం వచ్చింది. త్రాగేనీటిలో 100 మిల్లీలీటర్లకు ఇ. కోలై ఒక్కటీ కనబడకూడదు. మా నీటిలో ఉన్నట్టు తేలింది. ఆ కాగితాన్ని నకళ్ళు తీయించి ఇరవైనాలుగు ఫ్లాట్ల తలుపుల కిందా వేసి వచ్చాను. సంపు, పైట్యాంకులు కడిగించి క్లోరిన్ వేయించేదాకా నీరు తెర్లించి త్రాగమని, పండ్లు కడగడానికీ పళ్ళు తోముకోవడానికీ కూడా ఆ నీరే వాడమని కింద పెద్ద అక్షరాలతో వ్రాశాను. మూడవ అంతస్తులో నెల తిరగని పాప ఉంది. ఆ ఇంటికి మాత్రం తలుపు తట్టి, ఆ అమ్మాయితో కూర్చుని చెప్పాను.

కేసింగును నేలమీదికి రెండడుగులు పెంచి, గుంట పూడ్చి, చుట్టూ సిమెంటు చప్టా వేయించడానికి మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు. కార్యదర్శిగారు కూడా దిగివచ్చి చూస్తానన్నారు. సెప్టిక్ ట్యాంకును ఏంచేయాలో ఇంకా తేలలేదు. దానికి డబ్బు ఎక్కువవుతుంది, వాదన కూడా ఎక్కువే అవుతుంది. టేపు నన్నే తెమ్మన్నారు.